రెండు కాళ్లకూ ఒకటే రక్తం: ఆటలతో పిల్లల జన్యువుల పనితీరు మారుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ బాబుకు పదకొండేళ్లు. నాలుగు నెలల క్రితం ఎత్తు 145 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు ఉంటే డాక్టర్ ఊబకాయం అన్నారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం సైకిల్ తొక్కిస్తున్నారు, బంతి ఆటలు ఆడిస్తున్నారు. ఇప్పుడు 147 సెంటీమీటర్లు, 52.5 కిలోలు. తండ్రి, తాతయ్య ఇద్దరూ లావే కాబట్టి "వాళ్ల రక్తంలోనే ఉంది, ఎంత ఆడినా ఇంతే" అని ఇంట్లో అంటున్నారు. వ్యాయామం జన్యువుల పనితీరును మారుస్తుందని మీరు చదివారు. అది నిజమా, నిజమైతే బరువు ఎందుకు తగ్గలేదు, జన్యు పరీక్ష చేయించాలా? ఇవీ మీరు అడిగినవి.

ఊబకాయం ఉన్న పిల్లలను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. అన్నిటికంటే ముందు లెక్క చూద్దాం. నాలుగు నెలల కిందట బాబు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చూసే లెక్క, 24.7. ఇప్పుడు 24.3. అంటే తగ్గింది. పెద్దవాళ్లకు కిలోలే లెక్క కానీ ఎదిగే పిల్లలకు అది సరిపోదు. ఎత్తు పెరుగుతూ బరువు దాదాపు అక్కడే నిలబడిందంటే ఒంట్లో మార్పు మొదలైనట్టే. "ఏమీ తగ్గలేదు" అన్న మాటను ఇకమీదట బాబు ముందు ఎవరూ అనకుండా చూడండి. ఆ మాట విని ఆట మానేసిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

ఇక జన్యువుల సంగతి. వ్యాయామం జన్యువులను మార్చదు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన డీఎన్ఏ అక్షరాలు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో ఎంత ఆడినా అలాగే ఉంటాయి. మారేది ఆ అక్షరాలను కణం చదివే తీరు. మన లిపిలో "క" అనే అక్షరానికి పైన పొల్లు పెడితే "క్" అవుతుంది. అక్షరం పోలేదు, పలుకు తగ్గింది. పొల్లు తీసేస్తే మళ్లీ నిండుగా పలుకుతుంది. డీఎన్ఏ మీద కూడా ఇలాంటి చిన్న గుర్తులు ఉంటాయి. వాటిని మిథైల్ గుర్తులు అంటారు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులు, అంతే. జన్యువు మొదలయ్యే చోట ఇవి ఎక్కువగా చేరితే సాధారణంగా ఆ జన్యువు పని తగ్గుతుంది, తొలగితే పెరుగుతుంది. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఒక్కో కణంలో దాదాపు రెండు మీటర్ల పొడవున్న డీఎన్ఏ, హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ కండెకు దారంలా చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగుతుగా ఉన్న చోట కణం చదవలేదు, వదులైన చోట చదవగలదు. వీటితో పాటు మైక్రో ఆర్ఎన్ఏలని చిన్న ముక్కలుంటాయి, అవి జన్యువు నుంచి బయల్దేరిన సందేశాన్ని దారిలోనే ఆపేస్తాయి. ఈ మొత్తాన్ని కలిపి జన్యు నియంత్రణ అంటారు. వ్యాయామం పని చేసేది ఇక్కడే.

ఎలా పని చేస్తుందో కండరం దగ్గర చూస్తే బాగా అర్థమవుతుంది. బాబు సైకిల్ గట్టిగా తొక్కుతున్నప్పుడు తొడ కండరంలో శక్తి నిల్వలు తగ్గుతాయి, కాల్షియం అటూ ఇటూ పరుగులు పెడుతుంది. ఈ రెండింటినీ కనిపెట్టే ఎంజైములు కణంలోనే ఉన్నాయి. వాటిలో ఏఎంపీకే అనేదాన్ని శక్తి తరిగిపోతోందని గుర్తుపట్టే కాపలాదారు అనుకోండి. ఇవి మేల్కొని, దారాన్ని బిగుతుగా ఉంచే ప్రోటీన్లను కణ కేంద్రకం నుంచి బయటికి పంపేస్తాయి. చుట్టు వదులవుతుంది. అప్పుడు గ్లూట్-4 వంటి జన్యువులు చురుగ్గా పని చేస్తాయి. రక్తంలోని చక్కెరను కండరంలోకి లాక్కునే తలుపు గ్లూట్-4 తయారుచేసే ప్రోటీనే. పీజీసీ-1 ఆల్ఫా అనే ఇంకో జన్యువు కూడా లేస్తుంది. ఇది కొవ్వును, చక్కెరను కాల్చే మైటోకాండ్రియాల సంఖ్యను పెంచే పెద్ద మేస్త్రీ లాంటిది.

2012లో ఒక పరిశోధన వచ్చింది. వ్యాయామం అలవాటు లేని ఆరోగ్యవంతులైన యువతీయువకులు ఒక్కసారి సైకిల్ తొక్కిన తర్వాత వాళ్ల తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. పీజీసీ-1 ఆల్ఫా సహా కొన్ని ముఖ్యమైన జన్యువుల మీద మిథైల్ గుర్తులు తగ్గాయి. ఒక్కసారి తొక్కినందుకే! ఎంత గట్టిగా తొక్కితే అంత ఎక్కువ మార్పు కనిపించింది. అంతకుముందు డీఎన్ఏ గుర్తులు ఒకసారి పడితే చాలాకాలం కదలవనే నమ్మకం గట్టిగా ఉండేది. నాకూ ఉండేది. ఆ రోజు ఆ ఫలితాలు చదివి నేను పిల్లలతో మాట్లాడే పద్ధతే మార్చుకున్నాను.

అయితే మీ ఇంట్లో వాళ్లకు చెప్పాల్సింది ఇంకో ప్రయోగం గురించి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో చేశారు, 2014లో ఫలితాలు వచ్చాయి. 23 మంది యువతీయువకులను తీసుకుని, ఒక్క కాలితో మాత్రమే సైకిల్ తొక్కించారు. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు, మూడు నెలలు. రెండో కాలికి ఏ వ్యాయామమూ లేదు. చివరికి రెండు కాళ్ల కండరాలనూ పోల్చి చూస్తే, వ్యాయామం చేసిన కాలిలో దాదాపు 5,000 చోట్ల మిథైల్ గుర్తులు మారాయి. కండరం శక్తిని వాడుకునే పనికీ, ఇన్సులిన్‌కు స్పందించే పనికీ సంబంధించిన జన్యువులు అందులో చాలా ఉన్నాయి. ఆలోచించండి. మనిషి ఒక్కరే, జన్యువులు అవే, తినే తిండి అదే, నిద్ర అదే. రెండు కాళ్లకూ ఒకటే రక్తం. తేడా అల్లా ఒక కాలు కదిలింది, ఇంకోటి కదల్లేదు. "రక్తంలోనే ఉంది" అనే మాటకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

కొవ్వు కణాల్లో కూడా ఇలాంటిదే కనిపించింది. అంతవరకు కదలకుండా గడిపిన మగవాళ్ల చేత ఆరు నెలలు వ్యాయామం చేయించి, వాళ్ల కొవ్వు ముక్కలను ముందూ వెనకా పరీక్షించారు. స్వీడన్‌లోనే, లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ప్రచురించారు. దాదాపు 18,000 చోట్ల గుర్తులు మారాయి. ఊబకాయంతో, షుగర్ జబ్బుతో ముడిపడిన జన్యువుల దగ్గర కూడా మార్పులున్నాయి. ఆ మనుషులు సగటున వారానికి రెండుసార్లు కూడా పూర్తిగా హాజరు కాలేదు, అయినా ఇంత.

ఇవన్నీ పెద్దవాళ్ల మీద చేసినవే అని మీకు సందేహం రావచ్చు. నిజమే. పిల్లల తొడలోంచి పరిశోధన కోసం కండరం ముక్కలు తీయడం న్యాయం కాదు, అందుకే అలాంటి పరీక్షలు వాళ్ల మీద దాదాపు చేయరు. పిల్లల్లో చూసేది ఎక్కువగా రక్తం, కొన్నిసార్లు లాలాజలం. రక్తంలోని తెల్లకణాల్లో కనిపించే గుర్తు కండరంలోనూ ఉంటుందని అనుకోవడానికి లేదు. ఆ చూసినవి కూడా చిన్న చిన్న అధ్యయనాలే. కాబట్టి "పన్నెండు వారాలు ఆడితే పిల్లల ఫలానా జన్యువు మారిపోతుంది" అని ఎవరైనా ధీమాగా రాస్తే నమ్మకండి. పిల్లల్లో గట్టిగా రుజువైంది జన్యు గుర్తుల తర్వాతి మెట్టు, అంటే శరీరం పనితీరు. అమెరికాలో 222 మంది అధిక బరువున్న పిల్లలతో చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. బడి అయ్యాక రోజుకు 20 నిమిషాలు కొందరు, 40 నిమిషాలు కొందరు, వారానికి ఐదు రోజులు పరుగులు పెట్టే ఆటలు ఆడారు. సుమారు 13 వారాలకే వాళ్లలో ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం, తగ్గింది, పొట్ట లోపలి కొవ్వు తగ్గింది. 20 నిమిషాల కంటే 40 నిమిషాల వాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. పెద్దవాళ్ల కండరాల్లో చూసిన జన్యు మార్పులు, పిల్లల్లో చూసిన ఈ ఫలితాలు ఒకే దిశలో ఉన్నాయి కాబట్టే నేను నమ్మకంగా మాట్లాడగలుగుతున్నాను.

ఇప్పుడు వంశం సంగతి. బరువు విషయంలో జన్యువుల వాటా చిన్నది కాదు, దాన్ని దాచడం వల్ల లాభం లేదు. బ్రిటన్‌లో 5,000కు పైగా కవల జంటలను చూసిన 2008 నాటి అధ్యయనంలో, 8 నుంచి 11 ఏళ్ల పిల్లల బీఎంఐలలో ఉన్న తేడాలకు సుమారు 77 శాతం జన్యువులే కారణమని తేలింది. కానీ దీని అర్థం మీ బాబు బరువులో 77 శాతం తాతగారు ఇచ్చారని కాదు. దాదాపు ఒకేలాంటి పరిసరాల్లో పెరుగుతున్న పిల్లల్లో ఒకరు ఇలా, ఇంకొకరు అలా ఉండటానికి కారణం వెతికితే జన్యువుల వాటా అంత అని. పరిసరాలు మారితే ఈ లెక్కా మారుతుంది.

ఈ వంశపారంపర్య ప్రభావంలో పేరుమోసిన జన్యువు ఎఫ్‌టీఓ. దీనికీ బరువుకీ సంబంధం ఉందని 2007లో బయటపడింది. దీనిలో బరువు పెంచే రకం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినవాళ్లు, అసలు రాని వాళ్లకంటే సగటున మూడు కిలోలు ఎక్కువ బరువుంటారు. గమనించండి, మూడు కిలోలే, ముప్ఫై కాదు. ఇదీ ఒక విధంగా నియంత్రణ కథే. 2015లో తేలింది ఏమిటంటే, ఎఫ్‌టీఓలోని ఆ తేడా తనకు దూరంగా ఉన్న ఐఆర్ఎక్స్-3, ఐఆర్ఎక్స్-5 అనే వేరే జన్యువుల జోరు పెంచుతుంది. దాంతో కొవ్వు కణాలుగా మారబోయేవి, కొవ్వును వేడిగా కాల్చే రకం కాకుండా దాచుకునే రకంగా తయారవుతాయి.

మరి వ్యాయామం దీన్ని అడ్డుకుంటుందా? 2011లో రెండు లక్షలకు పైగా పెద్దవాళ్ల వివరాలు కలిపి చూస్తే, శరీరాన్ని కదిలించే వాళ్లలో ఎఫ్‌టీఓ వల్ల ఊబకాయం వచ్చే ముప్పు సుమారు 27 శాతం బలహీనపడింది. అదే విశ్లేషణలో 19,000 మంది పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లలో ఆ తేడా కనిపించలేదు. అంతకు ఏడాది ముందు యూరప్ టీనేజర్లలో కదలికను పరికరాలతో కొలిచి చూసిన ఒక చిన్న అధ్యయనంలో మాత్రం, రోజుకు గంట బాగా ఆడేవాళ్లలో ఎఫ్‌టీఓ ప్రభావం తగ్గినట్టు వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి నేను అనుకునేది ఇది: పిల్లలు ఎంత ఆడారో కాగితం మీద రాయించి తెలుసుకోవడం చాలా కష్టం, వాళ్ల ఆట ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అందుకే పెద్ద విశ్లేషణలో విషయం మసకబారి ఉండవచ్చు. ఇది నా అభిప్రాయం, రుజువైన సంగతి కాదు.

మీ రెండో ప్రశ్నకు, అంటే బరువు ఎందుకు తగ్గలేదు అన్నదానికి, అసలు జవాబు ఈ మార్పుల ఆయుష్షులో ఉంది. గట్టిగా ఆడిన తర్వాత పీజీసీ-1 ఆల్ఫా సందేశం కొన్ని గంటల్లో బాగా పెరుగుతుంది, మర్నాటికి దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఇన్సులిన్‌కు శరీరం మెరుగ్గా స్పందించడం ఒకటి రెండు రోజులు ఉంటుంది. అంటే సోమవారం ఆట సోమ, మంగళవారాలకే. బుధవారం మళ్లీ ఆడితే ఆ సందేశం మళ్లీ వస్తుంది. సందేశం వచ్చిన ప్రతిసారీ కొద్దిగా ప్రోటీన్ తయారవుతుంది, అది సందేశంలా ఒక్కరోజులో మాయం కాదు. అలా కొద్దికొద్దిగా పేరుకుని వారాల తర్వాత కండరం స్వభావం మారుతుంది. ఇంత జరుగుతున్నా బరువు తూచే మిషన్ దీన్ని చూపించలేదు. కొవ్వు కొంత తగ్గి, కండ కొంత పెరిగితే మిషన్ మీద అంకె కదలదు. పైగా వ్యాయామం ఒక్కటే చేస్తే పిల్లల బరువు పెద్దగా తగ్గదని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. తిండి, నిద్ర, కూర్చునే సమయం కూడా మారితేనే అంకె కదులుతుంది. వాటి గురించి మీ డాక్టర్ చెప్పే ఉంటారు, నేను మళ్లీ రాయను.

ఇక్కడ ఒక అమ్మాయి గుర్తొస్తోంది. పన్నెండేళ్లు. వాళ్ల నాన్న ప్రతి ఆదివారం బరువు తూచి గోడ మీద కాగితంలో రాసేవారు. మంచి ఉద్దేశంతోనే. మూడు నెలలు అంకె కదలకపోయేసరికి ఆ పిల్ల ఏడ్చి ఈత మానేసింది. నా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తే, మొదటిసారి వచ్చినప్పుడు మెడ వెనక ఉన్న ముదురు నలుపు బాగా పలచబడింది. ఆ నలుపు మురికి కాదు, ఎంత రుద్దినా పోదు, ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు చర్మం మందమై వచ్చేది. అది తగ్గిందంటే లోపల ఇన్సులిన్ భారం తగ్గుతోందని. ఆ పిల్ల మూడు నెలల శ్రమ ఫలించింది, ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆరోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ ఉంది. మీ బాబు మెడ వెనక, చంకల్లో కూడా ఒకసారి చూడండి. నలుపు ఉంటే డాక్టర్‌కు చూపించండి, మూడు నెలలకోసారి గమనించండి.

ఇంకో విషయంలో మీకు ఊరట కలగాలి. ఊబకాయం ఉన్నవాళ్ల రక్తంలో డీఎన్ఏ గుర్తులు వేరుగా ఉంటాయి. అవే ఊబకాయానికి కారణమని ఒకప్పుడు అనుకున్నారు. 2017లో వేలమందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం, వాటిలో ఎక్కువ భాగం లావు వల్ల వచ్చిన ఫలితాలే కానీ లావుకు కారణాలు కావని చూపింది. అన్నీ అలా కాదు. ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ జన్యువు మీద ఊబకాయం ఉన్న పిల్లల్లో అదనపు గుర్తులు ఉన్నట్టు 2012లో గుర్తించారు. కడుపులో ఉన్నప్పుడు పడిన గుర్తులు కొన్ని దశాబ్దాలు నిలుస్తాయి కూడా. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు తల్లి కడుపులో పడినవాళ్లకు, అరవై ఏళ్ల తర్వాత చూసినా ఐజీఎఫ్-2 అనే జన్యువు మీద గుర్తులు తక్కువగానే ఉన్నాయి. కానీ ఎక్కువ గుర్తులు లావు వెంట నడిచేవే కాబట్టి, "మా బాబు జన్యువులు పాడైపోయాయి" అని టెన్షన్ పడాల్సిన పని లేదు.

జన్యు పరీక్ష గురించి. మీరు రాసిన వివరాల్లో దాని అవసరం నాకు కనిపించలేదు. ఒకే ఒక్క జన్యువు లోపంతో వచ్చే ఊబకాయం ఉంది, అరుదు. దాని లక్షణాలు వేరు: ఐదేళ్లలోపే విపరీతంగా బరువు పెరగడం, ఎంత తిన్నా తీరని ఆకలితో రాత్రిళ్లు లేచి తిండి వెతకడం, మాటలు, నడక ఆలస్యం కావడం, చూపు మందగించడం, చేతికో కాలికో అదనపు వేలు ఉండటం. ఎత్తు కూడా చూడాలి. మామూలు ఊబకాయం ఉన్న పిల్లలు ఈడు పిల్లలకంటే కాస్త పొడవుగానే ఉంటారు, లావుగా ఉండి ఎత్తు ఆగిపోతే మాత్రం హార్మోన్ల పరీక్షలు చేయాలి. మీ బాబు నాలుగు నెలల్లో రెండు సెంటీమీటర్లు పెరిగాడు, బాగుంది. పై లక్షణాలుంటే పరీక్ష నిజంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అలాంటి కొన్ని లోపాలకు 2020 నుంచి ప్రత్యేకమైన మందు ఉంది. అవేవీ లేనప్పుడు, ఉమ్మి నమూనా పంపిస్తే ఏ వ్యాయామం సరిపోతుందో చెబుతామనే పరీక్షలకు డబ్బు పెట్టకండి. మిథైల్ గుర్తులు చూసి పిల్లలకు వ్యాయామం రాసిచ్చే పరీక్ష ఏదీ ఇప్పటికి వైద్యంలో లేదు.

ఏం ఆడించాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఆడాలి. అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టిగా ఆయాసం వచ్చే ఆట, కండరాలకూ ఎముకలకూ బలం ఇచ్చే పనులు ఉండాలి. గంటా ఒకేసారి కానక్కర్లేదు. బరువున్న పిల్లవాడు మెల్లగా పరుగెత్తినా అతని కండరాలకు అది గట్టి పనే, సన్నగా ఉన్న పిల్లల వేగంతో పోల్చకండి. బలం కావాల్సిన ఆటలు తప్పకుండా చేర్చండి. తాడు లాగడం, బరువున్న బంతి విసరడం, గోడకు చేతులు ఆనించి నెట్టడం. ఇలాంటి వాటిలో మీ బాబు తన ఈడు వాళ్లకంటే ముందుంటాడు, గెలిచిన పిల్లవాడు మర్నాడు తనంతట తనే వస్తాడు.

ఒక్క జాగ్రత్త. తొడలో, గజ్జలో, మోకాలిలో నొప్పి అంటూ కుంటితే "అలవాటైతే పోతుంది" అని ఆడించకండి. ఈ వయసులో బరువున్న పిల్లలకు తుంటి ఎముక పైభాగం జారే ప్రమాదం ఉంది. నొప్పి మోకాల్లో తెలిసినా తప్పు తుంటిలో ఉండవచ్చు. ఆ రోజే నడవనివ్వకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాలి.

బడి పరీక్షలప్పుడు ఆట ఆపేయనా అని కూడా అడిగారు. ఆపకండి. మూడు నాలుగు రోజులకు ఏమీ కాదు, రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే ఇన్సులిన్‌కు స్పందించే గుణం వెనక్కి జారుతుంది. ఇరవై నిమిషాలైనా సైకిల్ తీయమనండి. బరువు మిషన్‌ను మూడు నెలలు లోపల పెట్టేయండి. ఈ రోజు బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత టేపుతో తీసి రాసుకోండి, అది ఎత్తులో సగంకంటే తక్కువకు రావాలి, అంటే బాబుకు ఇప్పుడు 73 సెంటీమీటర్ల దగ్గర. మూడు నెలల తర్వాత ఎత్తు, నడుము, మెడ వెనక నలుపు, ఆగకుండా ఎంతసేపు సైకిల్ తొక్కగలుగుతున్నాడు, ఈ నాలుగూ నాకు రాయండి. చూసి చెబుతాను.